ఎక్కనివాళ్ల లెక్క: ఒక నైట్ హాల్ట్ బస్సు కేసు

2018 జూన్, బడులు తెరిచిన వారం. నష్టాల్లో నడుస్తున్న ట్రిప్పుల జాబితా డిపో మేనేజర్ (డీఎం) గారి బల్ల మీద ఉంది. నాలుగో వరుసలో ఒక పల్లెవెలుగు రూటు, దాని కింద ఎర్ర పెన్నుతో గీత. "ఆపేద్దామనే అనుకుంటున్నాం. అయినా మీరొకసారి వెళ్లి చూసి రండి. రేపు ఎవరైనా ఫోన్ చేసి అడిగితే చెప్పడానికి నాలుగు ముక్కలుండాలి కదా" అన్నారాయన. అంటే నన్ను పంపింది బస్సును బతికించడానికి కాదు, ఆపినందుకు కారణం రాసుకురమ్మని. ఈ సంగతి ముందే చెప్పేస్తే, తర్వాత జరిగినదంతా నా ఘనత అనుకునే ప్రమాదం మీకూ ఉండదు, నాకూ ఉండదు.

నేను ఆర్టీసీ ట్రాఫిక్ విభాగంలో 30 ఏళ్లకు పైగా చేసి రిటైరయ్యాను. కండక్టరుగా మొదలయ్యాను. బస్టాండులో కంట్రోలర్‌గా చేశాను, చెకింగ్‌లో తిరిగాను, చివర్లో షెడ్యూళ్లు వేసే సీట్లో కూర్చున్నాను. ఈ కేసు ఆ చివరి రోజుల్లోది. ఊళ్ల పేర్లు, డిపో పేరు రాయను. అక్కడివాళ్లు చాలామంది ఇంకా ఉద్యోగాల్లో ఉన్నారు. అప్పటి ప్రకాశం జిల్లా పడమటి వైపు, వెలిగొండ నీళ్ల కోసం ఎదురుచూసే మెట్ట ప్రాంతం అనుకోండి. కంది, పొగాకు, మిర్చి, బోరు ఉన్నచోట కాసిని కూరగాయలు. ఒక చిన్న పట్టణం. అక్కడి నుంచి 27 కిలోమీటర్ల దూరంలో రోడ్డు ఆగిపోయే ఆఖరి ఊరు. మధ్యలో ఆరు ఊళ్లు.

బస్సు ఒక్కటే. సాయంత్రం 5:15కి పట్టణంలో బయలుదేరి ఆఖరి ఊరికి వెళ్లి రాత్రికి అక్కడే ఆగుతుంది. పొద్దున 6:10కి అక్కడ లేచి 7:20కి బస్టాండుకు వస్తుంది. మళ్లీ 7:45కి వెళ్లి 10:15కి తిరిగొస్తుంది. మధ్యాహ్నం వేరే సిబ్బందితో ఒక ట్రిప్పు. ఇదే ఆ రూటు బతుకంతా.

కాగితం మీద బస్సు

జాబితాలో ఆ రూటు ఓఆర్ (ఆక్యుపెన్సీ రేషియో) ముప్పైల్లో ఉంది. బయటివాళ్లు ఓఆర్ అంటే 'వంద సీట్లకు ఎంతమంది కూర్చున్నారు' అనుకుంటారు. అంత తేలిక కాదు. సీట్లను కిలోమీటర్లతో గుణిస్తారు, ప్రయాణికులను వాళ్లు ప్రయాణం చేసిన దూరంతో గుణిస్తారు, దీన్ని దానితో భాగిస్తారు.

సాయంత్రం ట్రిప్పునే తీసుకుందాం. 54 సీట్ల బస్సు, 27 కిలోమీటర్లు. మొత్తం 1,458 సీటు కిలోమీటర్లు. పట్టణం నుంచి మొదటి 9 కిలోమీటర్లు బస్సు నిండుగా 54 మందితో వెళ్లింది. మూడు రోడ్ల కూడలి దగ్గర చాలామంది దిగిపోయారు. మిగిలిన 18 కిలోమీటర్లు 12 మందే. 486, 216 కలిపితే 702. ఓఆర్ 48 శాతం. బస్టాండులో సీటు కోసం కిటికీలోంచి తువ్వాళ్లు వేసిన బస్సు ఇది. కాగితం మీద సగం ఖాళీ.

ఇంకో మెలిక ఉంది. ఆ 54 మందిలో 25 మంది కూడలిలో దిగే, పాసులున్న పిల్లలనుకోండి. వాళ్లకు కండక్టరు టిక్కెట్ కొట్టడు కాబట్టి టిక్కెట్లు ఇచ్చే టిమ్ మిషన్‌కి వాళ్లు బస్సులో లేనట్టే. పాసుల ఆదాయం డిపో ఖాతాకు వేరే దారిలో వస్తుంది, ఈ ట్రిప్పు పేరున రాదు. వాళ్లను తీసేస్తే 702 కాస్తా 477 అవుతుంది. 33 శాతం. ఖాళీ సీటు లేని బస్సు నష్టాల జాబితాలోకి ఎక్కేది ఇలాగే.

ఈ లెక్క తప్పని నేననను. డీజిల్ కిలోమీటర్లకే కాలుతుంది కాబట్టి సంస్థ కిలోమీటర్లు లెక్కపెట్టుకోవాల్సిందే. అయితే ఆ లెక్కలో ఉన్నది ఎక్కినవాళ్లే. రోడ్డు మీద నిలబడి, చూసి, విసుగొచ్చి వేరే దారిలో వెళ్లిపోయినవాళ్లు కండక్టరు టిక్కెట్ల లెక్క ఉండే ఏ వేబిల్లులోనూ ఉండరు. నా ఉద్యోగంలో ఈ ముక్క నాకు తెలిసింది చాలా ఆలస్యంగా, ఈ కేసులోనే.

టీ కొట్టు బెంచీ

మొదటి రెండు రోజులు బస్సులోనే తిరిగాను. లాభం లేకపోయింది. బస్సులో ఉన్నవాళ్లకు బస్సుతో పేచీ ఉండదు కదా. మూడో రోజు నుంచి పట్టణానికి 9 కిలోమీటర్లు ఇవతల ఉన్న మూడు రోడ్ల కూడలిలో టీ కొట్టు బెంచీ మీద కూర్చున్నాను. మామూలు చొక్కా, చేతిలో నోటు పుస్తకం. పేజీకి రెండు గడులు గీశాను. ఎక్కినవాళ్లు ఒకటి, ఎక్కనివాళ్లు ఒకటి.

పొద్దున 6:55కి బస్సు వచ్చింది. 7 మంది ఎక్కారు. అప్పటికి కూడలిలో నిలబడి ఉన్నదే 7 మంది. రెండో గడి ఖాళీ. 'జనమే లేరు' అని రాసుకుని లేచేవాణ్ణే. టీ కొట్టాయన ఆపాడు. "అప్పుడే లేస్తారేంది సారూ, అసలు జనం ఇంకో గంటకు గదా వచ్చేది!"

7:50 నుంచి మొదలైంది. హైస్కూలు పిల్లలు, ఇంటర్ పిల్లలు, డిగ్రీ పిల్లలు. ఆసుపత్రికి వెళ్లే ముసలివాళ్లు. తహసీల్దారు ఆఫీసులో పనున్నవాళ్లు చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో పాస్‌బుక్కు జిరాక్సులు పట్టుకుని. 8:40 దాకా నేను లెక్కపెట్టింది 61 మందిని. అందరూ సర్వీస్ ఆటోల్లోనే వెళ్లారు. పిల్లలైతే డ్రైవరుకు అటు ఇద్దరు, ఇటు ఇద్దరు. వెనక అడ్డకమ్మీ మీద కాళ్లు బయటికి వేలాడేసుకుని మరో ముగ్గురు. ఆ సమయంలో మా బస్సు ఎక్కడుంది? 8:20కి ఇదే కూడలి మీదుగా ఎదురు దిక్కున, ఆఖరి ఊరి వైపు, నలుగురితో వెళ్లిపోయింది. పిల్లలు దానివైపు చూడను కూడా చూడలేదు.

ఒక ఇంటర్ అమ్మాయిని అడిగాను, పాసు లేదా అని. ఉందంది. మరి ఆటో ఎందుకమ్మా అంటే, "పాసు సాయంత్రానికి సార్, డబ్బులు పొద్దుటికి" అంది. పొద్దున బస్సెక్కితే 7:20కి పట్టణంలో ఉంటుంది, కాలేజీ 9:15కి. రెండు గంటలు బస్టాండులో ఆడపిల్లను కూర్చోబెట్టడానికి ఏ తల్లీ ఒప్పుకోదు. రెండో ట్రిప్పు 10:15కి. అప్పటికి రెండో పీరియడు నడుస్తుంటుంది. పాసు చేయించుకున్న ఇంట్లోనే రోజూ ఆటో డబ్బులు కూడా లెక్కపెట్టి ఇస్తున్నారు.

అయిదు రోజులు ఆ బెంచీ మీదే కూర్చున్నాను. రెండో గడిలో ఏ రోజూ 50కి తక్కువ పడలేదు.

6:10 ఎవరి కోసం

మరి 6:10 అన్న వేళ ఎలా పుట్టింది? డిపోలో ఎవరికీ తెలియదు. 'మొదట్నుంచీ అంతే' అన్నారు. మా ఆఫీసుల్లో ఈ మాట అంటే ఇక వెతకొద్దని అర్థం. నాకు రికార్డు గదిలో పాత కాగితాలు తిరగేయడం సరదా. (మా ఆవిడ దాన్ని రోగం అంటుంది.) మూడో రోజు దొరికింది. ఒకప్పుడు పట్టణం నుంచి ఒంగోలుకు 7:30కి ఒక ఎక్స్‌ప్రెస్ ఉండేది. కలెక్టరాఫీసుకో కోర్టుకో వెళ్లే పల్లె జనం దాన్ని అందుకోవాలని మన బస్సును 7:20కి బస్టాండులో ఉండేలా వేశారు. తెలివైన ఏర్పాటే. తర్వాత ఎప్పుడో ఆ ఎక్స్‌ప్రెస్ వేళ 6:50కి జరిగింది. పల్లె బస్సును జరపడం ఎవరికీ గుర్తు రాలేదు. ఏళ్ల తరబడి ఆ బస్సు, అరగంట ముందే వెళ్లిపోయిన ఎక్స్‌ప్రెస్‌ను అందుకోవడానికి తెల్లవారుజామున లేచి పరిగెత్తుతూనే ఉంది.

ఇంకేముంది, వేళ జరిపేస్తే పని అయిపోయిందనుకున్నాను. నైట్ హాల్ట్ సిబ్బందితో మాట్లాడితే డ్రైవరు మొహం మాడిపోయింది. చట్టపరంగా వాళ్లకు అభ్యంతరం చెప్పే వీల్లేదు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటల పని అంటుంది, కొత్త వేళతో వాళ్ల పని 7 గంటలు కూడా దాటదు. అయినా ససేమిరా అన్నారు. డ్రైవరు మొదట పొలం సంగతి చెప్పాడు. 11 గంటలకల్లా ఇంటికి చేరితేనే కరెంటు ఉండగా మోటారు వేసుకోగలనని. అది నిజమే గానీ మొత్తం నిజం కాదని తెలుస్తూనే ఉంది. కండక్టరు నన్ను పక్కకు పిలిచి అసలు సంగతి చెప్పాడు.

"సార్, ఆ ఊళ్లో మాకు దొడ్డికెళ్లడానికి చోటు లేదు. చీకటి ఉండగానే లేచి చెట్ల చాటుకు పోవాలి. ఏడున్నరకు బస్సు తియ్యమంటే తెల్లారాక ఎక్కడికి పోయేది? స్నానం లేదు, దోమలు, బస్సులోనే పడక. అందుకే 6:10 అయితే డిపోకొచ్చి మొహం కడుక్కుంటాం."

ఇన్నేళ్లు షెడ్యూళ్లు వేశాను. ప్రతి నైట్ హాల్ట్ పక్కన 'సిబ్బంది విశ్రాంతి' అని ఒక వరుస ఉంటుంది, అందులో గంటలు నింపుతాం. ఆ గంటల్లో వాళ్లు ఎక్కడ పడుకుంటారో, పొద్దున ఎక్కడికి వెళ్తారో నేను ఒక్కసారి కూడా అడగలేదు. నేనూ కండక్టరుగా నైట్ హాల్టులు చేసినవాణ్ణే. మర్చిపోయాను.

కాబట్టి బస్సు వేళ మార్చడానికి మేము చేసిన మొదటి పని ఆఖరి ఊరి సర్పంచి దగ్గరికి వెళ్లి బాత్రూం అడగడం. పంచాయతీ ఆఫీసు వెనక ఒకటి ఉంది, తాళం వేసి ఉంచారు. తాళంచెవి ఇచ్చారు. వరండాలో రెండు నవారు మంచాలు, ఒక ఫ్యాను. కరెంటు బిల్లు పంచాయతీ పెట్టుకుంటుందన్నారు. "పిల్లల బస్సంటే ఆ మాత్రం చెయ్యమా" అన్నాడాయన. ఆయన మనవరాలు కూడా ఆ ఆటోల్లోనే వెళ్తోందని తర్వాత తెలిసింది.

కొత్త బస్సు అడగలేదు

డీఎం గారికి ఇచ్చిన నోటులో మూడే అంశాలు రాశాను. బస్సు అడగలేదు, మనిషిని అడగలేదు. అడిగితే ఆ కాగితం రీజియన్ ఆఫీసు దాకా వెళ్లి అక్కడే పడుకుంటుంది.

మొదటిది వేళ. ఆఖరి ఊళ్లో 7:35కి బయలుదేరాలి.

రెండోది దారి. పట్టణంలోకి రాగానే బస్సు తిన్నగా తూర్పు వైపు బస్టాండుకు పోతుంది. జనానికి కావలసిన కాలేజీ, ప్రభుత్వాసుపత్రి, తహసీల్దారు ఆఫీసు అన్నీ పడమటి వైపున. బస్టాండులో దిగినవాడు మళ్లీ అక్కడ ఆటో ఎక్కాలి. ఊళ్లో ఎక్కిన ఆటో అయితే గేటు ముందే దింపుతుంది. బస్సు చార్జీ తక్కువే, ప్రయాణం ఖర్చు మాత్రం బస్సుకే ఎక్కువ! మనం స్టేజీల మధ్య చార్జీ చూసుకుంటాం. ప్రయాణికుడు ఇంటి నుంచి ఆసుపత్రి ఓపీ చీటీ దాకా లెక్కేసుకుంటాడు. బస్సును కాలేజీ రోడ్డు, ఆసుపత్రి మీదుగా తిప్పితే 2 కిలోమీటర్లు, 10 నిమిషాలు ఎక్కువ. 8:50కి కాలేజీ దగ్గర, 9 గంటలకు బస్టాండులో.

మన చిన్న పట్టణాల్లో ఈ జబ్బు బస్సులకే కాదు, రైళ్లకూ ఉంది. స్టేషన్ పేరు చివర 'రోడ్' ఉంటే ఊరు ఇక్కడ లేదు, ఇంకా వెళ్లాలి అని అర్థం. శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో. భద్రాచలం రోడ్ ఉన్నది కొత్తగూడెంలో, గోదావరి ఒడ్డు చేరాలంటే ఇంకా 40 కిలోమీటర్లు. మంత్రాలయం రోడ్డూ అంతే. రైలు దిగినవాడి తిప్పలు ఆ ఆఖరి ముక్కలోనే మొదలవుతాయి. పట్టణంలో ఆ ముక్క రెండు కిలోమీటర్లే కావచ్చు, మోకాళ్ల నొప్పులతో ఆసుపత్రికి వచ్చే ముసలమ్మకు అదే అసలు ప్రయాణం.

మూడోది మాట. ఈ పొద్దుటి ట్రిప్పును ఏ కారణంతోనూ రద్దు చేయకూడదు. చిన్న డిపోలో బస్సు తక్కువ పడితే మొదట కత్తిరించేది పల్లె ట్రిప్పునే. పెళ్లి కిరాయిలు, సంక్రాంతి స్పెషళ్లు, అన్నింటికంటే ముఖ్యంగా మహాశివరాత్రికి శ్రీశైలం. మాకు దోర్నాల ఘాట్ దారి దగ్గర కావడంతో ఆ వారం ఉన్న బస్సులన్నీ అటే వెళ్తాయి. ఆదాయం అక్కడుంది, కాదనను. అయితే చెప్పకుండా ఒక్కరోజు బస్సు రాకపోతే పల్లె జనం పది రోజులు దాన్ని నమ్మరు. ఆటోవాడు మాత్రం రోజూ వస్తాడు.

దారి మార్చడమే అన్నిటికంటే కష్టమవుతుందని భయపడ్డాను, అది తేలిగ్గా తెమిలింది. ఆసుపత్రి మలుపులో తోపుడు బండ్లు నాలుగు అడుగులు వెనక్కి జరిగాయి, మున్సిపాలిటీవాళ్లు ఒక గీత గీశారు, అయిపోయింది. ఆగస్టు మొదటి వారంలో కొత్త వేళ మొదలుపెట్టాం.

నా తప్పు

మొదటి వారం ఆదాయం పాతదానికంటే తగ్గింది. పిల్లలకు ఇంకా నమ్మకం కుదరలేదు, సరే. నేను ఊహించనిది ఇంకొకటి జరిగింది. అయిదో రోజు తొమ్మిది మంది ఆడవాళ్లు ఖాళీ గంపలతో డిపో గేటు ముందుకొచ్చారు. ఆఖరి ఊళ్లో బోర్ల కింద వంకాయ, బీర, దొండ పండించేవాళ్లు. 6:10 బస్సులో సరుకు వేసుకొచ్చి 7:30కి మార్కెట్లో వేలంపాటకు పెట్టేవాళ్లు. 9 గంటలకు వస్తే పాట ఎప్పుడో అయిపోయి ఉంటుంది.

వాళ్లలో పెద్దామె నన్ను చూసి, "పిల్లకాయలకు బస్సేశావు, మంచిదేలే సారూ. మరి మా గంపలు నువ్వు మోస్తావా?" అంది. నేను నోరెత్తలేదు.

తప్పు నా నోటు పుస్తకంలోనే ఉంది. నేను లెక్కపెట్టింది కూడలి దగ్గర. ఆ ఆడవాళ్లు అప్పటికే బస్సులో కూర్చుని ఉన్నారు. మొదటి రెండు రోజులు బస్సులో తిరిగినప్పుడు వాళ్లను చూశాను కూడా. 'లగేజీ టిక్కెట్లు' అని ఒక అంకె వేసుకుని వదిలేశాను. ఎక్కనివాళ్ల కోసం కళ్లు పెద్దవి చేసుకుని ఎక్కినవాళ్లను చూడటం మానేశానన్నమాట.

6:10 మళ్లీ పెట్టడం కుదరదు. బస్సు ఒకటే, రెండు వేళలకు నడవదు. చివరికి దొరికింది సగం పరిష్కారమే. ఆఖరి ఊరికి 4 కిలోమీటర్ల దూరంలో తారు రోడ్డు మీద ఇంకో రూటు నైట్ హాల్ట్ బస్సు 6:35కి పోతుంది. దాన్ని అక్కడ ఆపి, గంపలు పైకెత్తడానికి సమయం ఇచ్చేలా రాయించాను. ఆ 4 కిలోమీటర్లకు వాళ్లు ఒక ఆటో మాట్లాడుకున్నారు. ఖర్చు పెరిగింది. తొమ్మిది మందిలో ఇద్దరు పట్టణానికి రావడం మానేసి ఊళ్లోనే మారుబేరగాడికి అమ్ముకోవడం మొదలుపెట్టారు. ఈ కేసును ఎవరికి చెప్పినా పిల్లల సంగతి చెప్పి ఆగకుండా ఇది కూడా చెప్తాను.

ఆటోలతో

ఆటోవాళ్లను మా ఆఫీసు భాషలో 'అక్రమ రవాణా' అంటాం. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ఆటోకు ఉండేది కాంట్రాక్ట్ క్యారేజీ పర్మిట్. ఒకరు బండి మాట్లాడుకుంటే తీసుకెళ్లాలి. స్టాపుకో మనిషిని ఎక్కించుకుని తలా ఇంత వసూలు చేస్తే అది స్టేజి క్యారేజీ పని, నేరం. చట్టం స్పష్టంగానే ఉంది. కాకపోతే 8 గంటలకు బస్సు పెట్టనిది మేము, పిల్లల్ని బడికి చేర్చింది వాళ్లు. వేలాడేసి తీసుకెళ్లారు, అది ప్రమాదమే. మిరపకోతల కాలంలో కూలీలను కుక్కి తీసుకెళ్లే ఆటోలు బోల్తా పడిన వార్తలు మా ప్రాంతంలో కొత్త కాదు. అయినా వాళ్లను దొంగలన్నట్టు మాట్లాడటానికి నాకు నోరు రాలేదు.

కొత్త వేళ మొదలైన రెండో వారంలో ఆటోలు బస్సుకు సరిగ్గా మూడు నిమిషాల ముందు కూడలికి రావడం మొదలుపెట్టాయి. ఒక రోజు ఒకతను స్టాపుకు అడ్డంగా బండి పెట్టి టీ తాగుతూ కూర్చున్నాడు. మా డ్రైవరు హారన్ మీద చెయ్యి తీయలేదు. గొడవ పెద్దదయ్యేలా ఉందని నేను వెళ్లి అదే బెంచీ మీద వాళ్లతో కూర్చున్నాను. ఫైనాన్స్ కిస్తీ, డీజిల్, ఇంటి అద్దె, వాళ్ల లెక్కలు వాళ్లు చెప్పారు. నేను మా టైంటేబుల్ కాగితం బల్ల మీద పెట్టాను. పొద్దున 11 నుంచి 1 దాకా, మధ్యాహ్నం 3 నుంచి 5 దాకా మా బస్సు లేదు, ఉండబోదు కూడా. ఆ గంటలు వాళ్లవే. పొద్దుటి అరగంట మాది. దీన్ని ఒప్పందం అనలేను, అలాంటి ఒప్పందం చేసుకునే అధికారం నాకు లేదు. మాట్లాడుకున్నాం అంతే. ఇద్దరు ముగ్గురు తప్ప మిగతావాళ్లు కట్టుబడ్డారు.

ఆ తర్వాత

అక్టోబరుకు పొద్దుటి ట్రిప్పులో కూడలి దాటేసరికి 50 మందికి తగ్గకుండా ఉన్నారు. పిల్లల పాసులు పెరిగాయి. ఓఆర్ మాత్రం పెద్దగా కదల్లేదు, పిల్లలు మిషన్‌లో కనపడరు కాబట్టి. టిక్కెట్ ఆదాయం పెరిగింది ఆసుపత్రి స్టాపు వల్ల. డీఎం గారు ఎర్రగీత కొట్టేయలేదు గానీ తర్వాతి జాబితాలో ఆ రూటును వేయలేదు. ఆఫీసులో అంతకంటే ఆశించకూడదు.

మూడో అంశం, అదే మాట, నిలబడలేదు. 2019లో శివరాత్రి మార్చి 4న వచ్చింది. ఇంటర్ పరీక్షలు జరుగుతున్న రోజులు. పండగకు మూడు రోజుల ముందు సాయంత్రమే బస్సును శ్రీశైలం స్పెషల్‌కు తీసేశారు, తెల్లారితే పరీక్ష. నాకు రాత్రి 9 గంటలకు తెలిసింది. ఆ పూటకు ఆటోవాళ్లకే ఫోన్ చేశాను. మూడు ఆటోలు పొద్దున ఆఖరి ఊరి దాకా వెళ్లి పిల్లల్ని తెచ్చాయి. నేను అడిగానని కాకపోయినా, ఎలాగూ బేరమే అయినా, వెళ్లారు. అక్రమ రవాణాను ఫోన్ చేసి పిలిచిన ఆర్టీసీ ఉద్యోగిగా నన్నేమైనా చేయొచ్చు. రిటైరయ్యాను కాబట్టి రాస్తున్నాను.

2020 జనవరి 1 నుంచి మేమంతా ప్రజారవాణా శాఖ ఉద్యోగులమయ్యాం. మార్చిలో కరోనాతో బస్సులు ఆగాయి. తిరిగి రోడ్డెక్కాక ఆ పల్లె బస్సు కూడా మొదలైంది. మొదలైంది ఎన్నింటికనుకున్నారు? 6:10కి! కంప్యూటర్లో ఉన్న అసలు చార్టును 2018లో ఎవరూ దిద్దలేదు. మేము చేసిన మార్పంతా కంట్రోలర్ గదిలో గోడకు అతికించిన కాగితం మీదే ఉంది, ఆ గోడకు మధ్యలో సున్నం వేశారు. మళ్లీ దిద్దించడానికి నాకు మూడు నెలలు పట్టింది. ఈ పని చేసేవాళ్లకు నేను చెప్పగలిగేది ఒకటే. మార్పు జరిగిన రోజే మాస్టర్ చార్టు ప్రింటు తీసుకుని కళ్లతో చూసుకోండి, ఎవరో దిద్దుతారని వదలొద్దు.

2025 ఆగస్టు 15న స్త్రీశక్తి వచ్చింది. పల్లెవెలుగుల్లో, ఎక్స్‌ప్రెస్‌ల్లో ఆడవాళ్లకు ఉచితం. మిషన్ వాళ్లకు జీరో టిక్కెట్ కొడుతుంది. అన్నేళ్లూ లెక్కకు రాని మనుషులు ఒక్కసారిగా అంకెల్లోకి వచ్చారు. ఆటోలకు దెబ్బ తగిలింది. ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆటో డ్రైవర్లకు ఏడాదికి 15,000 రూపాయల సాయం మొదలుపెట్టింది. కిస్తీలతో పోలిస్తే అది ఏ మూలకొస్తుందని కూడలిలో నాకు తెలిసిన డ్రైవర్లు అంటారు. ఇద్దరు బండ్లు అమ్మేసి హైదరాబాద్ వెళ్లారు.

నవంబరులో డిపో నుంచి ఒక కుర్ర సూపర్‌వైజర్ ఫోన్ చేశాడు. నా రూటు ఇప్పుడు డిపోలోనే మంచి ఓఆర్ ఉన్న ట్రిప్పుల్లో ఒకటట, వంద దాటుతోందట. ఆ మాట సంతోషంగా చెప్పాడు. కూడలిలో బస్సు ఆగుతోందా బాబూ అని అడిగాను. కాసేపు పలకలేదు. మూడో ఊరికే నిండిపోతోంది, కూడలిలో డ్రైవరు ఆపట్లేదు, ఆపితే ఫుట్‌బోర్డు మీద వేలాడుతున్నారని భయం, అన్నాడు. టీ కొట్టు బెంచీ గురించి చెప్పాను.

మూడు రోజుల తర్వాత వాట్సాప్‌లో ఒక పేజీ ఫొటో పంపాడు. రెండు గడులు. రెండో గడిలో 17, 22, 19. అదనపు బస్సు డిపోలో లేదు. అయితే ఇంకో రూటు బస్సు ఒకటి పొద్దున 7:20 నుంచి 8:30 దాకా బస్టాండులో ఖాళీగా నిలబడి ఉంటోందని కనిపెట్టాడు. కూడలి దాకా వెళ్లి రావడానికి 50 నిమిషాలు చాలు. ఆ బస్సు అక్కడ ఎందుకు ఆగుతోందని అడిగితే డిపోలో 'మొదట్నుంచీ అంతే' అన్నారట. రికార్డు గది తాళం ఎవరి దగ్గరుంటుందో నన్ను అడిగాడు.